పిలుపునకు తోడుగా నిలిచే విశ్వాసులు: సెర్రా క్లబ్బుల ఉద్యమముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

పరిచర్యకు వచ్చే పిలుపు వ్యక్తిగతమైనదా, సంఘపరమైనదా అనే ప్రశ్న వేదాంత విద్యార్థులకు కొత్తది కాదు. సెమినరీ ప్రవేశమునకు వచ్చిన ప్రతి అభ్యర్థిని, దేవుడు నిన్ను ఎలా పిలిచాడు అని అడుగుతాము. నీ పిలుపును మోయడానికి నీ సంఘములో ఎవరెవరు నీకు తోడున్నారు అని అడగడము మాత్రము చాలా అరుదు. ఈ రెండవ ప్రశ్ననే తొంభై సంవత్సరములుగా తన పనిగా పెట్టుకొన్న కతోలిక విశ్వాసుల సంస్థ ఒకటి ఉన్నది. దాని పేరు సెర్రా క్లబ్బు.

ఈ వ్యాసములో ఆ సంస్థను పొగడడము గాని, కతోలిక–ప్రొటెస్టెంటు వివాదమును తిరిగి తవ్వడము గాని మా ఉద్దేశము కాదు. ఒక సంఘములోని సామాన్య విశ్వాసులు దైవసేవకులను తయారుచేయు పనిలో పాలుపొందినప్పుడు ఏ మేలు కలుగుతుంది, ఏ ప్రమాదము పొంచి ఉంటుంది అని పరిశీలించడమే మా ఉద్దేశము. కతోలిక వాడుకలో గురువు అనగా గురుపట్టము పొందిన యాజకుడు. విచారణ అనగా ఒక గురువు కాపరత్వములోని స్థానిక సంఘము. గృహస్థులు అనగా గురుపట్టము గాని మఠవాస వ్రతములు గాని లేని విశ్వాసులు. ఈ వ్యాసములో అవే మాటలను వాడుతున్నాము.

మా వాదమును ముందే చెప్పుకొంటాము. పిలుపు దేవునిది. పిలుపు వినడానికి చోటు, స్వేచ్ఛ, ధైర్యము కల్పించడము సంఘము పని. ఆ పిలుపు ఫలితమును తన చేతిలోనికి తీసుకొనడము సంఘము పని కాదు. సెర్రా క్లబ్బు ఇందులో మొదటి పనిని మనకంటె బాగుగా చేసినది. రెండవ విషయములో దానికి ఉన్న చిక్కులే, మనము ఇటువంటి పని మొదలుపెడితే మనకును ఎదురవుతాయి.

1. పుట్టుక, పనితీరు

సెర్రా క్లబ్బు 1935లో అమెరికా దేశపు వాషింగ్టన్ రాష్ట్రములోని సియాటిల్ పట్టణములో పుట్టినది. వ్యాపారములలో, వృత్తులలో ఉన్న నలుగురు కతోలిక పురుషులు దానికి ఆద్యులు. అది ఆర్థిక మాంద్యపు కాలము. తమవంటివారు కలిసికొని విశ్వాసమును గూర్చి మాట్లాడుకొనడానికి ఒక కూటమి ఉండవలెనని వారు కోరారు. అయితే ఆ కూటమికి ఒక ప్రత్యేకమైన పని కావలెను. అప్పటి సియాటిల్ బిషపు జెరాల్డ్ షాఘ్నెసీ సలహాపై, గురుత్వమునకు యువకులను ప్రోత్సహించి వారి చదువుకు తోడ్పడడము ఆ పనిగా స్థిరపడినది. ఇతర పట్టణములలో క్లబ్బులు లేచి, 1938 నాటికి అవన్నియు కలిసి సెర్రా ఇంటర్నేషనల్‌గా ఏర్పడినవి. గురుత్వ పిలుపుల కొరకు 12వ పియూస్ పోపుగారు 1941లో స్థాపించిన వాటికను విభాగమునకు ఈ సంస్థ 1951లో అనుబంధమైనది. తరువాత అది పలు ఖండములకు వ్యాపించినది. మొదట పురుషులకే పరిమితమైన సభ్యత్వము తరువాతి కాలములో స్త్రీలకును లభించినది.

ఈ సంస్థ చెప్పుకొనే ఉద్దేశములు మూడు. మొదటిది, గురుత్వమునకు పిలుపులను పెంపొందించి, గురువులకు వారి సేవలో అండగా నిలవడము. రెండవది, మఠవాస జీవితమునకు వచ్చే పిలుపులను ప్రోత్సహించడము. మూడవది, సభ్యులు తమ స్వంత జీవితములలో పరిశుద్ధతకు దేవుడిచ్చే పిలుపును గుర్తించి దానికి లోబడేలా సహాయపడడము. ఈ వరుసను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు ముందు దీనితో మనకు పని ఉన్నది.

ఆచరణలో క్లబ్బు చేసేవి చిన్న చిన్న పనులు. సభ్యులు భోజనముతో కూడిన సమావేశములు జరుపుకొని ప్రసంగములు వింటారు. గురువిద్యార్థులను పిలిచి భోజనము పెడతారు, వారి పుట్టిన దినములను గుర్తుంచుకొని కార్డులు పంపుతారు. గురువుల అభిషేక వార్షికోత్సవములను జరిపిస్తారు. బలిపీఠము వద్ద సహాయము చేసే బాలబాలికలను సన్మానిస్తారు. పిలుపులను గూర్చి పాఠశాలల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. ఇవి గాక రెండు ప్రార్థన పద్ధతులు అమెరికా విచారణలలో బాగా వాడుకలో ఉన్నవి. ఒకటి, నెలలోని 31 దినములకు 31 మంది ఒక్కొక్క తేదీ తీసుకొని, ప్రతి నెలా ఆ తేదీన పిలుపుల కొరకు ప్రార్థించడము. రెండవది, బలిపూజలో వాడే పాత్రను వారమునకు ఒక కుటుంబము ఇంటికి తీసుకొనివెళ్లి, దానిని ఎదురుగా ఉంచుకొని, తమ ఇంటి పిల్లలతో సహా పిలుపుల కొరకు ప్రార్థించి, మరుసటి ఆదివారము ఇంకొక కుటుంబమునకు అప్పగించడము.

2. మెచ్చదగినవి

మొదటగా, ఈ ఉద్యమము ప్రార్థనకు తేదీని, మనిషిని, ఇంటిని ఇచ్చినది. కోత విస్తారమనియు, పనివారు కొద్దిమందే గనుక కోత యజమానుని వేడుకొనవలెననియు ప్రభువు చెప్పిన మాట (మత్తయి 9:37-38) మన ప్రసంగములలో తరచుగా వినిపిస్తుంది. అయితే ఎవరు వేడుకొంటున్నారు, ఏ దినమున, ఎవరి కొరకు? అందరి పని ఎవరి పనీ కాకుండ పోతుంది. 17వ తేదీ నాది అని తెలిసిన విశ్వాసికి ఆ ఆజ్ఞ నెలనెలా తన ఇంటి తలుపు తట్టుతుంది.

రెండవదిగా, పిలుపుల విషయమును బిషపు కార్యాలయము నుండి విచారణలోని కుటుంబమునకు తీసుకొనివచ్చినది. రెండవ వాటికను మహాసభ 1965లో గురువుల శిక్షణపై ప్రకటించిన పత్రము, పిలుపులను పెంపొందించు బాధ్యత క్రైస్తవ సమాజమంతటిదనియు, కుటుంబము మొదటి గురువిద్యాలయము వంటిదనియు బోధించినది. సియాటిల్ గృహస్థులు దానికి ముప్పది సంవత్సరముల ముందే ఆ దారిలో నడక మొదలుపెట్టారు. అమెరికాలో కొత్తగా గురుపట్టము పొందేవారిని ప్రతి సంవత్సరము ప్రశ్నించి జరిపే సర్వేలలో, అత్యధికులు తమను ఎవరో ఒకరు నోరు తెరచి ప్రోత్సహించారని చెబుతారు. అలా ప్రోత్సహించినవారిలో విచారణ గురువు తరచుగా ముందుంటాడు. వద్దని వెనుకకు లాగినవారును ఉంటారు. కుటుంబములోనివారు, స్నేహితులు వారిలో కనిపిస్తారు. అనగా పిలుపు ఏకాంతములో వినిపించినను, దాని చుట్టు మనుషుల మాటలు ఎప్పుడును ఉంటాయి. ఆ మాటలలో ఒక మంచి మాట తమది కావలెనని కోరడము తప్పు కాదు.

మూడవదిగా, అభిషేకముతో ఈ తోడు ఆగిపోదు. చదువుకొనే కాలములో భోజనము పెట్టినవారే, ఇరువది ఐదు సంవత్సరముల సేవ తరువాత కూడా ఆ గురువు దగ్గరకు వస్తారు. దైవసేవకుని ఒంటరితనము ఎటువంటిదో తెలిసిన మనకు ఈ సంగతి విలువ వేరుగా చెప్పనవసరము లేదు.

3. విమర్శ

అ) సంఖ్యలు న్యాయాధిపతి కావు

ఒక ఆక్షేపణను మొదట పక్కన పెట్టవలెను. అమెరికాలో 1965లో సుమారు 58 వేల మంది కతోలిక గురువులు ఉండగా, 2022 నాటికి వారు సుమారు 34 వేలు. మఠకన్యలు అదే కాలములో సుమారు 1,80,000 నుండి 40 వేల లోపునకు తగ్గారు. అటువంటప్పుడు ఈ క్లబ్బులు ఏమి సాధించినవి అని కొందరు అడగవచ్చును. ఈ తగ్గుదలకు కుటుంబముల పరిమాణము, స్త్రీలకు తెరచుకొన్న ఇతర వృత్తులు, బ్రహ్మచర్య నియమము, లైంగిక అత్యాచారముల బయలుపాటు వలన పోయిన నమ్మకము వంటి అనేక కారణములు చెప్పబడినవి. భోజన సమావేశములు ఆ ప్రవాహమును ఆపవలెనని కోరడము న్యాయము కాదు. అయితే ఇందులో క్లబ్బునకును ఒక పాఠమున్నది. ఎందరిని పంపాము అనే లెక్కతో తన విలువను కొలుచుకొనే సంస్థ, లెక్క తగ్గిన కొలది యువకులపై ఒత్తిడి పెంచే శోధనలో పడుతుంది.

ఆ) పిలుపు అనే మాట కుదించుకొనిపోవడము

సంస్థ ఉద్దేశముల వరుసను మరల చూడవలెను. గురుత్వము మొదట, మఠవాసము తరువాత, సభ్యుని స్వంత పిలుపు చివర. కాగితముపై మూడును ఉన్నవి. క్లబ్బు పేరు చెప్పగానే జనులకు గుర్తువచ్చేది మొదటిదే. వ్యాసరచన పోటీ, పాత్ర, 31 తేదీలు అన్నియు దానివైపే చూపుతాయి. కాబట్టి పిలుపులు అనే బహువచనము చివరకు ఒక్క అర్థములో నిలిచిపోతుంది. పాత్రను ఎదుట పెట్టుకొని ప్రార్థించే ఇంటిలో ముగ్గురు పిల్లలు ఉండి, వారిలో ఒకడు గురువు కాగోరితే, మిగిలిన ఇద్దరికి పిలుపు లేనట్లేనా?

ఇది మన ప్రొటెస్టెంటు పక్షము నుండి మాత్రమే వేసే ప్రశ్న కాదు. విశ్వాసులందరి యాజకత్వమును లూథరు 1520లో బలముగా చెప్పిన మాట నిజమే. అయితే 1964లో రెండవ వాటికను మహాసభ, సంఘమును గూర్చిన తన పత్రములో ఒక పూర్తి అధ్యాయమును పరిశుద్ధతకు అందరికిని ఉన్న పిలుపుపై వ్రాసినది. ఆ బోధ వెలుగులో చూస్తే, సెర్రా క్లబ్బు మూడవ ఉద్దేశమే పునాది కావలెను. మొదటి రెండును దానిపై నిలవవలెను. తన దుకాణములో తూకమును, తన కార్యాలయములో సంతకమును దేవుని పిలుపునకు లోబరచని వర్తకుడు, వేరొకని కుమారుని యాజకత్వమునకు పిలుపు ఏమిటో ఎలా వివరించగలడు? కాపరులు మొదలైనవారిని ప్రభువు అనుగ్రహించినది, పరిశుద్ధులు పరిచర్యకు సిద్ధపడుటకే అని ఎఫెసీ 4:11-12 చెబుతుంది. సిద్ధపరచేవాడు కావలెనని ప్రార్థించి, తాము సిద్ధపడవలసినవారమని మరచిపోతే ఆ వాక్యములో సగమే చదివినట్లు.

ఇ) భోజనము పెట్టినవారికి వినిపించే మాట

క్లబ్బు పుట్టినది వ్యాపార, వృత్తి వర్గములలో. అందులో స్వతహాగా దోషము లేదు. ప్రభువునకు, పండ్రెండుమందికి తమ ఆస్తితో ఉపచారము చేసిన స్త్రీలను లూకా పేర్లతో సహా గుర్తుచేస్తాడు (లూకా 8:1-3). షూనేములోని ఘనురాలు ఎలీషాకు గోడమీద ఒక చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఏర్పాటు చేసినది (2 రాజులు 4:8-13). సంఘ చరిత్రలో పరిచర్యకు అండగా నిలిచిన గృహస్థులకు ఆమెను మించిన మాదిరి లేదు. అయితే ఆ కథలో మనము తరచుగా దాటిపోయే సంగతి ఒకటి ఉన్నది. గది కట్టించినందుకు ఆమె ఏమియు కోరలేదు. రాజుతో గాని సైన్యాధిపతితో గాని నీ కొరకు మాట్లాడవలెనా అని ప్రవక్త అడిగినప్పుడును, నేను నా జనుల మధ్య కాపురమున్నాను అన్న భావముతో ఊరకున్నది. ఉపకారము ఆమెకు పలుకుబడికి మెట్టు కాలేదు.

ఇటువంటి నిస్వార్థత అందరికి సులభము కాదు. అన్నము పెట్టిన చేతిని గద్దించడము యువ పరిచారకునికి కష్టము. గద్దింపును సహించడము ఆ చేతికి ఇంకను కష్టము. 1 సమూయేలు 3లో ఏలీ చేసిన గొప్ప పని, బాలునికి నీవే ప్రవక్తవు అని చెప్పడము కాదు. వెళ్లి పండుకొని, మరల పిలుపు వస్తే ఏమని బదులియ్యవలెనో నేర్పడము. ఆ బాలుడు విన్న మొదటి వర్తమానము ఏలీ ఇంటికి విరోధమైనది. ఏలీ దానిని దాచవద్దని చెప్పి విన్నాడు. పిలుపునకు తోడు నిలిచే ప్రతి సంస్థ తనను తాను వేసుకొనవలసిన ప్రశ్న ఇది: మేము చదివించిన సమూయేలు మాకు విరోధముగా మాట్లాడితే వింటామా?

ఈ) స్వేచ్ఛ, మరియు ఒక పేరు

సంస్థ పేరు హునీపెరో సెర్రా నుండి వచ్చినది. ఆయన 1713లో మల్యోర్కా ద్వీపములో పుట్టిన ఫ్రాన్సిస్కను సన్యాసి. 1749లో పండిత పదవిని విడిచి మెక్సికోకు బయలుదేరాడు. 1769 నుండి 1784లో మరణించువరకు కాలిఫోర్నియాలో తొమ్మిది మిషనులను స్థాపించాడు. పదవిని, దేశమును విడిచి వెళ్లిన మనిషి గనుక ఆయన పేరు ఎన్నుకొనడము అర్థము కానిది కాదు. సైనికాధికారుల ప్రవర్తనపై ఆయన 1773లో మెక్సికోలోని వైస్రాయికి ఫిర్యాదు సమర్పించిన మాటయు వాస్తవము. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఆయనను పునీతునిగా ప్రకటించారు.

అయితే ఆ మిషను వ్యవస్థలో బాప్తిస్మము పొందిన ఆదివాసులకు మిషనును విడిచిపోయే స్వేచ్ఛ లేదు. పారిపోయినవారిని సైనికులు వెదకి తెచ్చేవారు. కొరడా దెబ్బలు శిక్షగా ఉండేవి. రోగములతో జనము పెద్ద సంఖ్యలో చనిపోయినది. ఈ కారణముగానే ఆదివాసుల వారసులు ఆయనను పునీతునిగా ప్రకటించడమును ఎదిరించారు, 2020లో కాలిఫోర్నియా పట్టణములలో ఆయన విగ్రహములు కూలద్రోయబడినవి. ఈ చరిత్రకు నేటి క్లబ్బు సభ్యులను బాధ్యులను చేయడము మా ఉద్దేశము కాదు. కాని పిలుపును పోషించు సంస్థ, లోపలికి వచ్చినవాడు వెలుపలికి పోలేని వ్యవస్థతో ముడిపడిన పేరును మోస్తున్నది. ఆ పేరు ఒక హెచ్చరికగానైనను పనిచేయవలెను.

ఎందుకనగా స్వేచ్ఛ లేనిచోట పిలుపు లేదు. 1983 నాటి కతోలిక సంఘ ధర్మశాస్త్రము 1026వ సూత్రములో, గురుపట్టము పొందేవానికి తగిన స్వేచ్ఛ ఉండవలెననియు, ఎవరినీ ఏ కారణము చేతనైనను బలవంతపెట్టరాదనియు విధిస్తుంది. చట్టము బలవంతమును నిషేధించగలదు. ప్రేమతో వచ్చే ఒత్తిడిని నిషేధించలేదు. తన కొరకు 31 మంది ప్రార్థిస్తున్నారనియు, తన పుట్టిన దినము ఊరంతటికి తెలుసుననియు ఎరిగిన యువకుడు, మూడవ సంవత్సరములో తనకు ఇది పిలుపు కాదని గ్రహిస్తే, ఆ మాట ఎవరితో చెప్పగలడు? సన్మానములన్నియు కొనసాగినవారికే ఉన్నవి. నిజాయితీగా ఆగిపోయినవానిని కూడా అదే బల్ల వద్ద కూర్చుండబెట్టి భోజనము పెట్టగలిగినప్పుడే, క్లబ్బు పోషించినది పిలుపును గాని సంఖ్యను కాదని రుజువవుతుంది.

4. మన సంఘములకు

ఈ విమర్శ అంతయు మనవైపు తిరిగి వస్తుంది. మన తెలుగు నేలపై పిలుపునకు తోడు అనేది డబ్బు, కులము అనే రెండు గోడలను దాటవలసిన విషయము. కర్నూలు ప్రాంతములో 1961లో పేద దళిత కుటుంబమున పుట్టిన పూల అంతోని గారు ఏడవ తరగతి తరువాత పేదరికము వలన బడి మానవలసివచ్చినది. మిషనరీలు ఆయనను కడపకు తీసుకొనివెళ్లి చదువు కొనసాగించేలా చేశారు. ఆయన 2022లో కార్డినల్ అయిన మొదటి తెలుగువారు, మొదటి దళితుడు. ఒకరు ముందుకు వచ్చి ఆ బాలుని చేయి పట్టుకొనకపోతే ఏమై ఉండేది? అటువంటి చేయి అందక ఆగిపోయిన బాలబాలికలు మన గ్రామ సంఘములలో ఎందరున్నారో ప్రతి కాపరియు తన సంఘపు పట్టికను చూచి చెప్పగలడు.

మన వాడుక ఎలాగున్నది? సంఘము సిఫారసు లేఖ ఇచ్చి విద్యార్థిని సెమినరీకి పంపుతుంది. ఆ తరువాత చాలచోట్ల ఆ విద్యార్థి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడే సంఘమునకు గుర్తువస్తాడు, అదియును ప్రసంగము చెప్పించుకొనడానికి. రుసుము ఎవరు కట్టారు, మెస్సు బాకీ ఎంత, తండ్రి ఆరోగ్యము ఎలాగున్నది అని అడిగేవారు తక్కువ. మధ్యలో ఆగి తిరిగి వచ్చినవానిని సెమినరీ నుండి పారిపోయి వచ్చినవాడని పిలవడము మేము పలుచోట్ల విన్నాము. ఆ మాట భయముతో, పిలుపు లేకపోయినను చదువు ముగించి, అభిషేకము పొంది, ముప్పది సంవత్సరములు సంఘములపై భారముగా ఉండేవారును ఉన్నారు. అది వారికిని, సంఘములకును నష్టమే.

కాబట్టి సెర్రా క్లబ్బు పద్ధతులను మూడు మార్పులతో స్వీకరించవచ్చునని మా అభిప్రాయము. ఒకటి, తేదీల ప్రార్థన పట్టికలో సెమినరీ విద్యార్థుల పేర్లతోపాటు నర్సింగు చదివే అమ్మాయి, ఉపాధ్యాయుడు, వ్యవసాయ కూలి, ఆటో నడిపే సహోదరుడు వీరి పేర్లును ఉండవలెను. అప్పుడు పిలుపు అనే మాట తన పూర్తి వెడల్పును తిరిగి పొందుతుంది. రెండు, సహాయము ఒక ధనవంతుని పేరున గాక సంఘమంతటి పేరున ఉండవలెను. వంటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టడము మన స్త్రీలకు తెలిసిన అలవాటే. ఆ పిడికెళ్లతో చదివిన విద్యార్థి ఏ ఒక్క ఇంటికిని ఋణస్థుడు కాడు, గనుక అన్ని ఇండ్లకును ధైర్యముగా వాక్యము చెప్పగలడు. మూడు, ప్రతి సంవత్సరము విద్యార్థిని పిలిచి, కొనసాగవలెనా ఆగవలెనా అని ప్రేమతో, దాపరికము లేకుండ మాట్లాడే ఇద్దరు పెద్దలు ఉండవలెను. ఆగినవానికి సంఘములో చోటు, గౌరవము పోవని ముందుగానే చెప్పవలెను. ఈ మూడవది డబ్బు ఖర్చు లేని పని, అయినను అన్నిటికంటె కష్టమైనది ఇదే.

ముగింపు

అంతియొకయ సంఘము ఉపవాసముండి ప్రార్థించి, బర్నబాను, సౌలును ప్రత్యేకపరచి పంపినది (అపొ.కా. 13:1-3). పిలిచినవాడు పరిశుద్ధాత్మ, చేతులుంచినది సంఘము. ఈ క్రమమును తారుమారు చేయకుండ, అలాగని చేతులు ముడుచుకొని కూర్చుండకుండ ఉండడమే మన ముందున్న పని. సెర్రా క్లబ్బు గృహస్థులు చేతులు చాచడము నేర్చుకొన్నారు. అందుకు వారిని గౌరవించవలెను. చాచిన చేయి ఎప్పుడు పట్టుకొనవలెనో, ఎప్పుడు విడువవలెనో నేర్చుకొనడము వారికిని మనకును మిగిలి ఉన్నది. ఈ వ్యాసము చదివే కాపరులు వచ్చే సంఘ కమిటీ సమావేశములో ఒక చిన్న అంశమును చేర్చవలెనని కోరుతున్నాము: మన సంఘము నుండి ఇప్పుడు సెమినరీలో ఉన్నది ఎవరు, గత నెలలో వారితో మాట్లాడినది ఎవరు? జవాబు రాకపోతే పని అక్కడ నుండే మొదలుపెట్టవచ్చును.